క్యాప్సూల్స్‌కు పెట్టే డబ్బుతో ఉలవలు, ఇసబ్‌గోల్ కొనుక్కోండి

ప్రశ్న: నా వయసు 46. పలాసలో ఆటో నడుపుతాను. ఈమధ్య ఒక హెల్త్ క్యాంపులో రక్తపరీక్ష చేస్తే మొత్తం కొలెస్ట్రాల్ 242, ఎల్‌డీఎల్ (చెడు కొలెస్ట్రాల్) 162, హెచ్‌డీఎల్ (మంచి కొలెస్ట్రాల్) 38, ట్రైగ్లిజరైడ్స్ (రక్తంలో ఉండే మరో రకం కొవ్వు) 210 వచ్చాయి. షుగర్ లేదన్నారు. మా నాన్నగారు 54 ఏళ్లకే గుండెపోటుతో పోయారు. క్యాంపులోనే ఒకాయన చేపనూనె, వెల్లుల్లి క్యాప్సూల్స్ అంటగట్టాడు, నెలకు 2,400 రూపాయలు అవుతోంది. ఇంగ్లిష్ మాత్ర మొదలుపెడితే జీవితాంతం మింగాలని, కిడ్నీలు పోతాయని స్టాండులో అందరూ అంటున్నారు. మా ఉద్దానం వైపు కిడ్నీ జబ్బులు ఎక్కువ, కిడ్నీ అంటేనే భయం. తక్కువ ఖర్చుతో, తిండితోనే తగ్గించుకునే దారి ఉందా?
- ఒక పాఠకుడు, పలాస

జవాబు: ముందు ఆ 2,400 సంగతి. ఆపేయండి. సీసాలో సగం మిగిలి ఉన్నా సరే, కొత్తది మాత్రం కొనకండి. అవి విషం కాదు, కానీ మీరు ఏ పని కోసం కొన్నారో ఆ పని చెయ్యవు. షాపుల్లో దొరికే మామూలు చేపనూనె గోళీలు ఎల్‌డీఎల్‌ని తగ్గించవు. ఎక్కువ మోతాదులో ఇస్తే ట్రైగ్లిజరైడ్స్ తగ్గుతాయి, నిజమే, కానీ అది ట్రైగ్లిజరైడ్స్ బాగా పెరిగిపోయినవాళ్లకు డాక్టరు చూసి ఇచ్చే మందు, 210కి అక్కర్లేదు. 2022లో అమెరికాలో ఒక పరీక్ష చేశారు. దాదాపు 190 మందిని గుంపులుగా విడదీసి కొందరికి కొలెస్ట్రాల్ తగ్గించే రోసువాస్టాటిన్ మాత్ర 5 మిల్లీగ్రాములు, మిగతా గుంపులకు చేపనూనె, వెల్లుల్లి, దాల్చినచెక్క, పసుపు, ఇలాంటి సప్లిమెంట్లు 28 రోజులు ఇచ్చి చూశారు. మాత్ర వేసుకున్నవాళ్లలో ఎల్‌డీఎల్ దాదాపు 38 శాతం తగ్గింది. సప్లిమెంట్లలో ఒక్కటి కూడా మందేమీ లేని ఉత్తుత్తి గోళీ కంటే మెరుగ్గా పనిచెయ్యలేదు. రోజంతా ఎండలో ఆటో తిప్పి సంపాదించిన డబ్బు అలా పోతుంటే నాకు బాధగా ఉంది, అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాను.

ఇక వంటింటికి వద్దాం, మీకు అసలు లాభం అక్కడుంది.

మీది పలాస కాబట్టి కొబ్బరి సంగతి అడగకుండానే ఊహించగలను. ఉద్దానం ఇళ్లలో కొబ్బరికాయ కొనేది కాదు, పెరట్లో రాలేది. పొద్దున టిఫిన్‌లోకి కొబ్బరి చట్నీ, మధ్యాహ్నం కూరలో కొబ్బరి కోరు, పండగొస్తే కొబ్బరి లౌజు. రక్తంలో ఎల్‌డీఎల్‌ని పెంచడంలో పెద్ద చెయ్యి సాచురేటెడ్ కొవ్వుది. అంటే చల్లబడితే గడ్డకట్టే రకం కొవ్వు. కొలెస్ట్రాల్ ఎక్కువున్న మనిషి రోజుకు ఆ కొవ్వు 15 గ్రాములు దాటకుండా చూసుకోవాలి. 50 గ్రాముల పచ్చికొబ్బరిలోనే దాదాపు అంత ఉంటుంది! ఒక్క చట్నీతోనే రోజు కోటా అయిపోయిందన్నమాట. మానేయమనను. వారానికి ఒకటి రెండుసార్లు చాలు, మిగతా రోజుల్లో టమాటా చట్నీ, పుట్నాల చట్నీ, అల్లం పచ్చడి చేసుకోండి. కొబ్బరినూనెతో వంట మాత్రం పూర్తిగా వద్దు, అందులో 90 శాతం దాకా సాచురేటెడ్ కొవ్వే. కొబ్బరినీళ్లలో కొవ్వు లేదు, కిడ్నీలు బాగున్నవాళ్లు నిశ్చింతగా తాగొచ్చు.

రెండోది పామాయిల్. ధర తక్కువని ఇంట్లోకీ అదే తెస్తారు, హోటళ్లలో, బజ్జీల బండి దగ్గరా అదే కాగుతుంటుంది. అందులో సగం సాచురేటెడ్ కొవ్వు. ప్యాకెట్ ముందువైపు పెద్ద పెద్ద అక్షరాలతో ఏమున్నా పట్టించుకోకుండా వెనక్కి తిప్పి చూడండి. పామోలిన్ అని కనబడితే అది పామాయిలే. వేరుశెనగ నూనె, నువ్వుల నూనె, తవుడు నూనె, పొద్దుతిరుగుడు నూనె, వీటిలో ఏదైనా ఫర్వాలేదు, మార్చి మార్చి వాడితే ఇంకా మంచిది. ఖరీదు ఎక్కువ కదా అంటారు. దానికి నా దగ్గర ఒక లెక్క ఉంది: మనిషికి నెలకు అరలీటరు. ఇంట్లో నలుగురుంటే రెండు లీటర్లు. ప్యాకెట్ విప్పిన రోజే దాని మీద పెన్నుతో తేదీ వెయ్యమని మీ ఇంటావిడకు చెప్పండి. లీటరు ప్యాకెట్ పదిహేను రోజుల కంటే ముందే అయిపోతుంటే పోపులో గరిటెతో పోస్తున్నారని అర్థం, గరిటె తీసేసి చెంచా పెట్టండి. నెలకు నాలుగు లీటర్ల పామాయిల్ వాడే ఇల్లు రెండు లీటర్ల మంచి నూనెకు మారితే ఖర్చు పెరగదు, చాలాసార్లు తగ్గుతుంది. డాల్డా, బేకరీ పఫ్‌లు, క్రీమ్ బిస్కెట్లు మానేయండి. 2022 నుంచి మన దేశంలో నూనెల్లో, వనస్పతిలో ట్రాన్స్‌ఫ్యాట్ (గుండెకు చేటు చేసే కొవ్వు) 2 శాతం దాటకూడదని నిబంధన ఉంది గానీ, ఒకే నూనె పదేపదే కాగే బండి మీద దాన్ని ఎవరు కొలుస్తారు?

తగ్గించాల్సినవి అవి. ఇప్పుడు చేర్చాల్సినవి.

మన లివరు కొలెస్ట్రాల్‌తో పైత్యరసం తయారుచేసి పేగుల్లోకి పంపిస్తుంది, అక్కడ పని అయ్యాక చాలావరకు తిరిగి వెనక్కి తీసేసుకుంటుంది. నీళ్లలో కరిగే పీచు తింటే అది పేగులో జిగురులా మారి ఆ పైత్యరసాన్ని పట్టుకుని మలంతో బయటకు లాక్కుపోతుంది. లోటు పూడ్చుకోవడానికి లివరు రక్తంలోంచి ఎల్‌డీఎల్‌ని లాక్కుంటుంది. ఈ పని చేసే వస్తువుల్లో బాగా రుజువైంది, చవకైంది ఇసబ్‌గోల్. మలబద్ధకానికి వాడేదే, ఏ మందుల షాపులో అయినా ఉంటుంది. మీరు సప్లిమెంట్ అని ఏదైనా కొనాలంటే ఇదొక్కటే కొనండి. రోజుకు రెండు టేబుల్ స్పూన్లు, అంటే 10 గ్రాములు, రెండు పూటలుగా వేసుకుంటే కొన్ని వారాల్లో ఎల్‌డీఎల్ 5 నుంచి 10 శాతం తగ్గుతుంది. మొదటి వారం ఒక్క స్పూనుతోనే మొదలుపెట్టండి, లేకపోతే కడుపుబ్బరం వచ్చి మానేస్తారు. పెద్ద గ్లాసు నీళ్లలో కలిపి వెంటనే తాగెయ్యాలి. కలిపి పక్కన పెడితే ముద్దయిపోతుంది, పొడిగా నోట్లో వేసుకుంటే గొంతులో అడ్డం పడుతుంది. వేరే మాత్రలు వేసుకునేవాళ్లు వాటికీ దీనికీ మధ్య రెండు గంటలు ఎడం ఉంచండి.

తర్వాత ఉలవలు, పెసలు, బొబ్బర్లు, సెనగలు. రోజూ ఒక కప్పు ఉడికించినవి. పలచటి పప్పుచారులో నాలుగు బద్దలు తేలితే లెక్కలోకి రాదు, గుగ్గిళ్లలా నమిలి తినాలి. రాత్రి గుప్పెడు ఉలవలు నానేసి పొద్దున కుక్కర్లో పెట్టి, ఉల్లిపాయ, పచ్చిమిర్చి, నిమ్మరసం కలిపి చిన్న డబ్బాలో ఆటోలో పెట్టుకోండి. పదకొండు గంటలకు బజ్జీల బండి వైపు చెయ్యి పోకుండా ఆపేది ఆ డబ్బాయే. ఓట్స్ మంచివే, కానీ ధర చూసి వెనకాడితే బార్లీ గింజలు తెచ్చుకోండి, వాటిలోనూ అదే రకం పీచు ఉంది. జావ వడగట్టి నీళ్లు తాగడం కాదు, గింజలు తినాలి. చోడి (రాగి) అంబలి తాగే అలవాటుంటే అస్సలు మానొద్దు, టిఫిన్‌లో పూరీ, బోండా కంటే అది వందరెట్లు నయం. బెండకాయ, వంకాయ, ఆనపకాయ, జామకాయ ఏ సీజన్‌లో ఏది చవగ్గా ఉంటే అది. వేయించిన వేరుశెనగ గుళ్లు ఉప్పు లేకుండా ఒక గుప్పెడు. జీడిపప్పు మీ ఊరి పంట, నాలుగు పలుకులు తింటే తప్పు లేదు, కానీ నూనెలో వేయించి ఉప్పూ కారం చల్లినవి వద్దు.

గుడ్డు రోజుకు ఒకటి తినొచ్చు. చేపలైతే తప్పకుండా తినండి. వంజరం కొనక్కర్లేదు, గంపలో వచ్చే కవ్వళ్లు, కానాగంతల్లోనే ఒమేగా-3 కొవ్వు బాగా ఉంటుంది, క్యాప్సూల్‌లో ఉన్నదీ ఆ కొవ్వే. పులుసు పెట్టుకోండి, వేపుడు కాదు. ఎండు నెత్తళ్లలో ఉప్పు ఎక్కువ, బీపీ ఉంటే దూరం పెట్టాలి.

ట్రైగ్లిజరైడ్స్ 210కి కారణం నూనె ఒక్కటే కాదు. అన్నం, పంచదార, మద్యం. స్టాండులో రోజుకు ఆరు టీలు, ఒక్కో టీలో రెండు చెంచాల పంచదార... లెక్క వేసుకోండి. రాత్రి అన్నం సగానికి తగ్గించి ఆ ఖాళీలో కూర, పప్పు పెట్టండి. కల్లు, బ్రాందీ అలవాటుంటే పూర్తిగా మానేసి చూడండి, నెల రోజుల్లోనే తేడా కనబడుతుంది. సిగరెట్, చుట్ట, గుట్కా గురించి మీరేమీ రాయలేదు. ఉంటే కొలెస్ట్రాల్ కంటే ముందు తేల్చాల్సింది అదే. ఆటో సీటు మీద గంటల తరబడి కూర్చునే పని కాబట్టి రోజుకు అరగంట చమట పట్టేలా నడవాలి.

ఇవన్నీ నిజాయితీగా చేస్తే ఎంత తగ్గుతుంది? కెనడాలో ఇలాగే పీచు, పప్పులు, గింజలు కలిపిన ఆహారాన్ని ఆరు నెలలు పాటింపజేసి 2011లో ఫలితాలు ప్రకటించారు, ఎల్‌డీఎల్ సగటున 13, 14 శాతం తగ్గింది. ఆ లెక్కన మీ 162 దాదాపు 140కి వస్తుంది. కొబ్బరి, పామాయిల్ ఇప్పటిదాకా బాగా వాడి ఉంటే ఇంకొంచెం కిందికి రావచ్చు. కానీ మీ నాన్నగారు 54కే పోయారని చదివినప్పుడే నాకు కంగారు అనిపించింది. తండ్రికో అన్నదమ్ములకో 55 లోపు గుండెపోటు వస్తే దాన్ని డాక్టర్లుగా మేం గట్టి హెచ్చరికగా తీసుకుంటాం. దానికి తోడు మీ హెచ్‌డీఎల్ 40 లోపే ఉంది. మీకు ఎల్‌డీఎల్ 100 లోపు ఉండాలని నేను కోరుకుంటాను. తిండి ఒక్కదానితో అక్కడిదాకా రావడం కష్టమని ఇప్పుడే చెప్పడం నా బాధ్యత.

కాబట్టి మాత్ర గురించిన భయం తీసేసుకోండి. అటోర్వాస్టాటిన్ లాంటి స్టాటిన్లు, అంటే కొలెస్ట్రాల్ తగ్గించే మాత్రలు, కిడ్నీలను పాడుచెయ్యవు. కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లకు కూడా, గుండెను కాపాడడానికి మేమే రాస్తాం. ఉద్దానంలో కిడ్నీలకు నిజంగా భయపడాల్సినవి ఒళ్లు నొప్పులకని ఇష్టమొచ్చినట్టు మింగే పెయిన్ కిల్లర్లు, ఏముందో తెలియని పొడులు, కషాయాలు. జీవితాంతం అన్నమాట నిజమే, మానేస్తే కొన్ని వారాల్లో కొలెస్ట్రాల్ మళ్లీ పాత చోటికే వస్తుంది. కొద్దిమందికి కండరాల నొప్పి, కొందరికి షుగర్ కాస్త పెరగడం ఉంటాయి, అవి చెబితే మందు మార్చడమో మోతాదు తగ్గించడమో చేస్తాం. ఖర్చంటారా, జనరిక్ మందు జన ఔషధి షాపులో కొంటే రోజుకు రెండు మూడు రూపాయలు కూడా దాటదు. నా దగ్గరకు వచ్చే ఒక మాస్టారు రెండేళ్లపాటు గుడ్డసంచి నిండా సీసాలు మోసుకొచ్చేవారు, ఈ మాత్ర మాత్రం వేసుకోనని పట్టు పట్టారు. చివరికి స్టెంట్ వేయించుకున్నాక మొదలుపెట్టారు. ఆయన ముఖం గుర్తొస్తే ముందే ఇంకా గట్టిగా చెప్పాల్సిందని ఇప్పటికీ అనిపిస్తుంది.

ఇప్పుడు చెయ్యాల్సింది ఇది. ఈ వారంలో దగ్గర్లోని ప్రభుత్వ ఆస్పత్రికి వెళ్లి బీపీ చూపించుకుని, థైరాయిడ్ (టీఎస్‌హెచ్), క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు తెలిపేది), లివరు పరీక్షలు చేయించండి. థైరాయిడ్ తక్కువ పనిచేస్తే ఎల్‌డీఎల్ దానంతటదే పెరుగుతుంది, అప్పుడు అసలు మందు వేరే. క్రియాటినిన్ ఎక్కువ వస్తే పప్పులు, పండ్లు, కొబ్బరినీళ్లు ఎంతవరకు అన్నది డాక్టరు చెప్పేదాకా నేను రాసినట్టు తినకండి. అన్నీ బాగుంటే మూడు నెలలు ఈ తిండి పాటించి, లిపిడ్ ప్రొఫైల్ (కొలెస్ట్రాల్ రక్తపరీక్ష) మళ్లీ చేయించండి. మీ ట్రైగ్లిజరైడ్స్ ఎక్కువ ఉన్నాయి కాబట్టి ముందు రాత్రి భోంచేసి, పొద్దున ఏమీ తినకుండా రక్తం ఇవ్వండి. అప్పటికీ ఎల్‌డీఎల్ 130 పైనే ఉంటే ఇంకో మూడు నెలలు చూద్దాం అనుకోకుండా మాత్ర మొదలుపెట్టండి. 100కీ 130కీ మధ్య ఉంటే రిపోర్టు పట్టుకుని ఫిజీషియన్ దగ్గర కూర్చుని నిర్ణయించుకోండి. ఈలోపు ఎప్పుడైనా ఛాతీ పట్టేసినట్టయి చమటలు పడితే గ్యాస్ అనుకుని సోడా తాగుతూ కూర్చోకండి, ఆటో మీరే నడుపుకుంటూ పోకండి, 108కి ఫోన్ చెయ్యండి. మీ అన్నదమ్ములు ఎవరైనా ఉంటే వాళ్లక్కూడా ఈ రక్తపరీక్ష చేయించండి, నాన్నగారి రక్తం వాళ్లదీ కదా.