ఆశా వర్కర్ల కోసం యూనియన్‌లో లేనివాళ్లం ఏం చేయగలం?

మీ వదినగారు గుంటూరులో ఆశా వర్కరనీ, యూనియన్‌తో సంబంధం లేని మీరు ఆవిడ తరఫున ఏం చేయొచ్చనీ అడిగారు కదా. మా అమ్మ విజయవాడ సింగ్ నగర్‌లో పదమూడేళ్లుగా ఆశా, అందుకే రాస్తున్నా. ఆవిడ పని వల్ల మేలు జరిగినవాళ్లను వెంటబెట్టుకుని అధికారుల దగ్గరికి వెళ్లండి.

2024 సెప్టెంబరులో బుడమేరు వరద మా ఇంట్లోకి నడుము దాకా వచ్చింది. బియ్యం బస్తా కంటే ముందు అమ్మ గర్భిణుల రిజిస్టర్ అటక మీదికి ఎక్కించింది, అయినా సగం తడిసింది. కరెంటొచ్చాక పేజీల మధ్య పాత పేపరు ముక్కలు పెట్టి ఫ్యాన్ కింద ఆరబెట్టాం, సిరా అలుక్కుపోయిన చోట నెలలు నిండినవాళ్ల పేర్లు అమ్మ గుర్తు తెచ్చుకుని మళ్లీ రాసింది. ఇంత చేస్తే వివరాలు టైముకి ఎక్కించలేదని ఆ నెల డబ్బులు ఆపేశారు! ఎన్నిసార్లు తిరిగినా రేపు రమ్మనడమే.

చివరికి ఒక పేజీ అర్జీ రాసి, నలుగురు తల్లులతో సోమవారం కలెక్టరేట్‌లో అర్జీలు తీసుకునే గ్రీవెన్స్‌కి వెళ్లాం. ఒకామె పిల్లాడి టీకాల కార్డు బల్ల మీద పెట్టి, "రాత్రి రెండింటికి నన్ను పెద్దాసుపత్రికి తీసుకెళ్లింది ఈవిడే సార్" అంది. మూడు వారాల్లో డబ్బులు పడ్డాయి.

పెద్ద డిమాండ్లకు మాత్రం ఎవరిని ఏం అడగాలో తెలియాలి. 2005లో ఆశా పథకం మొదలైనప్పుడే వీళ్లను వాలంటీర్లన్నారు, ఇచ్చేది జీతం కాదు గౌరవ వేతనం, పీఎఫ్ దగ్గరికొచ్చేసరికి ఆ మాటే అడ్డం. ఆశాల్లాంటి స్కీమ్ వర్కర్లను (ప్రభుత్వ పథకాల్లో పనిచేసేవాళ్లను) కార్మికులుగా గుర్తించాలని 2013లోనే ప్రభుత్వం, యజమానులు, కార్మిక సంఘాలు కలిసి కూర్చునే భారత కార్మిక సదస్సు సిఫారసు చేసింది. ఇది కేంద్రం తేల్చాల్సింది కాబట్టి ఎంపీకి రాయండి. మన రాష్ట్రం 2019లో గౌరవ వేతనం నెలకు పదివేలు చేసింది, 2025 మార్చిలో గ్రాట్యుటీ, మొదటి రెండు కాన్పులకు 180 రోజుల జీతంతో కూడిన సెలవు ప్రకటించింది. అవి మీ వదినగారి సెంటర్‌లో అమలవుతున్నాయో లేదో కనుక్కుని, లేకపోతే జీవో కాపీ జతచేసి ఎమ్మెల్యేకి, కలెక్టర్‌కి ఇవ్వండి. ఊరికే "జీతం పెంచండి" అని రాస్తే ఫైల్లో పడిపోతుంది.

తల్లులు కూలి మానుకుని వస్తారు, ఆ రోజు ఆటో, భోజనం మీరే చూసుకోండి. అర్జీ రసీదు నంబరు ఫోటో తీసి పెట్టుకోండి, మళ్లీ వెళ్లినప్పుడు మొదట అదే అడుగుతారు.