రీకాల్ అప్‌డేట్ తర్వాత మైలేజీ తగ్గిందా?

ప్రశ్న: మా హైబ్రిడ్ కారుకి రీకాల్ లెటర్ (లోపం సరిచేయడానికి బండిని తీసుకురమ్మని కంపెనీ పంపే ఉత్తరం) వస్తే డిసెంబర్‌లో డీలర్ దగ్గర సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ చేయించాం. అంతకుముందు గ్యాలన్‌కి 48 మైళ్లు ఇచ్చేది, ఇప్పుడు 42 దాటడం లేదు. అడిగితే "సాఫ్ట్‌వేర్‌కీ మైలేజీకీ సంబంధమే లేదు" అని చేతులు దులిపేసుకున్నారు. నిజమేనా? పాత సాఫ్ట్‌వేరే మళ్లీ వేయించుకోవచ్చా?
– ఒక పాఠకుడు, ఎడిసన్, న్యూజెర్సీ

జవాబు: సంబంధమే లేదన్న మాట తప్పండి. హైబ్రిడ్‌లో ఇంజిన్ ఎప్పుడు ఆగాలి, మోటార్ ఎంత సాయం చెయ్యాలి, బ్యాటరీని ఎంతవరకు వాడాలి, ఇవన్నీ తేల్చేది ఆ సాఫ్ట్‌వేరే. బ్యాటరీ వాడకం కాస్త తగ్గిస్తే ఆ భారం ఇంజిన్ మీదే కదా పడేది. హోండా 2006-08 సివిక్ హైబ్రిడ్‌లకి బ్యాటరీ ఎక్కువకాలం మన్నాలని 2010లో అప్‌డేట్ ఇస్తే మైలేజీ పడిపోయిందని ఓనర్లు గోలపెట్టారు, మైలేజీ ప్రకటనల్లో చెప్పినంత రావట్లేదని ఒకావిడ లాస్ ఏంజెలెస్ ప్రాంతంలో స్మాల్ క్లెయిమ్స్ కోర్టు (చిన్న మొత్తాల తగాదాలు తేల్చే కోర్టు) ఎక్కి 2012 ఫిబ్రవరిలో 9,867 డాలర్లు గెలిచింది కూడా, కాకపోతే మే నెలలో పైకోర్టు ఆ తీర్పు కొట్టేసింది. అలాగని ప్రతి అప్‌డేటూ మైలేజీ తగ్గించేదే కాదు. ఫోర్డ్ 2013లో ఇచ్చింది పెంచడానికే: కరెంటు మీదే నడిచే గరిష్ఠ వేగాన్ని గంటకి 62 మైళ్ల నుంచి 85కి తీసుకెళ్లారు.

అయినా మీ విషయంలో నా మొదటి అనుమానం చలి మీదే. చేయించింది డిసెంబర్‌లో కదా! హీటర్‌కి వేడి కావాలంటే ఇంజిన్ తిరగాలి, అందుకే సిగ్నల్ దగ్గర ఆగాల్సిన ఇంజిన్ ఆగదు, ఇక పక్కనే ఉన్న ఇండియన్ గ్రోసరీకి వెళ్లొచ్చే ట్రిప్పుల్లో అయితే అది వేడెక్కేలోపే ఇల్లు వచ్చేస్తుంది. దానికి తోడు పది డిగ్రీల ఫారెన్‌హీట్ తగ్గితే టైర్లో సుమారు ఒక పీఎస్ఐ గాలి తగ్గుతుంది. పోయిన చలికాలం గ్యాస్ (పెట్రోల్) రసీదులుంటే తీసి పోల్చండి, డ్యాష్‌బోర్డు చూపించే అంకె పక్కనపెట్టి ఫుల్ ట్యాంక్ నుంచి ఫుల్ ట్యాంక్‌కి లెక్కేయండి. ఏప్రిల్, మేలో కూడా ఇంతే తేడా ఉంటే రిపేర్ ఆర్డర్ కాపీతో నేరుగా కార్ల కంపెనీకే రాయండి.

పాత సాఫ్ట్‌వేర్ సంగతి మాత్రం మర్చిపోండి. రీకాల్ అప్‌డేట్ ఇచ్చేది భద్రత కోసం. 2014లో టొయోటా దాదాపు 19 లక్షల ప్రియస్‌లని రీకాల్ చేసింది ఇన్వర్టర్‌లో (బ్యాటరీ కరెంటుని మోటార్‌కి తగ్గట్టు మార్చే భాగం) ట్రాన్సిస్టర్లు వేడికి దెబ్బతిని, కొన్నిసార్లు నడుస్తున్న బండే ఆగిపోవచ్చని. 2018లో 24 లక్షల హైబ్రిడ్‌లకి మళ్లీ పిలుపొచ్చింది, అదీ బండి పవర్ పోయి ఆగిపోవచ్చన్న భయంతోనే. టర్న్‌పైక్ హైవే మీద ట్రక్కుల మధ్య అలా ఆగితే ఆరు మైళ్ల మైలేజీ ఎవరికి కావాలి? మీరు అడిగినా ఏ డీలరూ వెయ్యడు లెండి.