నిర్మాణ స్థలాల్లో ప్రొపేన్ హీటర్లు: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

చలికాలపు నిర్మాణ పనుల్లో వాడే ప్రొపేన్ హీటర్ల గురించి వచ్చిన ఉత్తరాల్లో కొన్నింటికి ఈ సంచికలో జవాబులు ఇస్తున్నాం.

ప్రశ్న: చలికి ప్లాస్టరింగ్ పని ఆగిపోకూడదని, ఇంకా కిటికీలు బిగించని గదులకు ప్లాస్టిక్ పట్టాలు కట్టి, లోపల ప్రొపేన్ హీటర్ వెలిగించాం. వేడి బయటికి పోకుండా సందులన్నీ మూశాం. మధ్యాహ్నానికి ఇద్దరు పనివారికి తలనొప్పి, వికారం మొదలయ్యాయి. వాసన ఏమీ రాలేదు కాబట్టి గ్యాస్ వల్ల కాదని మేస్త్రీ అంటున్నారు. ఆయన మాట నమ్మవచ్చా? (ఒక సైట్ సూపర్‌వైజర్)

జవాబు: నమ్మకండి. గ్యాస్ లీక్ కాకపోయి ఉండవచ్చు గాని, మీరు రాసిన లక్షణాలను కార్బన్ మోనాక్సైడ్ ప్రభావంగానే భావించి నడుచుకోవాలి. ప్రొపేన్‌కు సొంత వాసన లేదు. లీకైనప్పుడు తెలియడానికి అందులో ఇథైల్ మెర్కాప్టాన్ అనే గంధక పదార్థాన్ని కలుపుతారు. మంటలో ప్రొపేన్‌తో పాటు అదీ కాలిపోతుంది కనుక, హీటర్ వదిలే వాయువుల్లో ముక్కును హెచ్చరించేది ఏదీ ఉండదు. కార్బన్ మోనాక్సైడ్‌కు రంగూ లేదు, వాసనా లేదు. పైగా అది రక్తంలో ఆక్సిజన్‌ను మోసే హిమోగ్లోబిన్‌ను ఆక్సిజన్ కంటే 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది.

అసలు తప్పు సందులు మూయడంలో ఉంది. ఒక కిలో ప్రొపేన్ పూర్తిగా కాలాలంటే దాదాపు 13 ఘనపు మీటర్ల గాలి కావాలి. కాలిన తర్వాత సుమారు 3 కిలోల కార్బన్ డయాక్సైడ్, 1.6 కిలోల నీటి ఆవిరి వెలువడతాయి. పొగగొట్టం లేని హీటర్ వీటన్నిటినీ గదిలోకే వదులుతుంది. బయటి గాలి రానప్పుడు ఆక్సిజన్ తగ్గుతుంది, మంట అరకొరగా కాలుతుంది, కార్బన్ మోనాక్సైడ్ పెరుగుతుంది. అందువల్ల ఎదురెదురు వైపుల్లో ఒకటి కిందగా, మరొకటి పైగా ఎప్పుడూ తెరిచి ఉండే రెండు దారులు వదలండి; వాటి కొలత ఎంత ఉండాలో హీటర్‌తో వచ్చిన సూచనల పుస్తకంలో ఉంటుంది. కొంత వేడి పోతుందన్న బాధ సహజమే గాని, ఆ నష్టాన్ని ఇంధన ఖర్చులో కలుపుకోవలసిందే.

కార్బన్ మోనాక్సైడ్ మీటరును పనివారు ఊపిరి పీల్చే ఎత్తులో ఉంచాలి. అమెరికా వృత్తి భద్రతా నిబంధన ప్రకారం 8 గంటల సగటు 50 పీపీఎం (గాలిలో పది లక్షల భాగాలకు 50 భాగాలు) దాటకూడదు. అక్కడి పరిశోధన సంస్థ నయోష్ అయితే 35 పీపీఎం సగటునే సిఫారసు చేస్తూ, ఏ క్షణంలోనూ 200 దాటరాదని చెబుతుంది. మా సలహా చిన్న అంకెనే పాటించమని.

ఒకేచోట పనిచేసే ఇద్దరు ముగ్గురికి ఒకేసారి తలనొప్పి రావడం, బయటికి వెళ్ళగానే తగ్గి తిరిగి లోపలికి రాగానే మొదలవడం ఈ విషవాయువుకు బలమైన గుర్తులు. అలాంటప్పుడు ముందు మనుషులందరినీ బయటికి తీసుకురండి, బయటి నుంచే సిలిండర్ వాల్వు మూయగలిగితే మూయండి, బాధితులను ఆసుపత్రికి పంపండి, హీటర్ దగ్గర పనిచేశారని వైద్యులకు తప్పక చెప్పండి. వేలికి తగిలించే మామూలు పల్స్ ఆక్సీమీటర్‌ను ఇక్కడ నమ్మరాదు. అది కార్బన్ మోనాక్సైడ్ పట్టిన హిమోగ్లోబిన్‌ను కూడా ఆక్సిజన్ ఉన్నదానిగానే లెక్కించి, అంతా బాగున్నట్టు అంకె చూపుతుంది.

మరొక మాట. కిలో ఇంధనానికి 1.6 కిలోల నీటి ఆవిరి గోడల మధ్యకే చేరుతుంది కాబట్టి, ఆరవలసిన ప్లాస్టర్‌కు ఈ హీటర్ ఒక చేత్తో వేడిని, మరో చేత్తో తేమను ఇస్తుంది. మూసిన గదులకు, బర్నర్ బయట ఉండి వేడిగాలిని మాత్రమే గొట్టం ద్వారా లోపలికి పంపే పరోక్ష హీటర్ అన్ని విధాలా మేలు.

ప్రశ్న: హీటర్ రెండు మూడు గంటలు నడిచాక సిలిండర్ అడుగు భాగం మీద మంచు పేరుకొని మంట తగ్గిపోతోంది. హీటర్ గాలిని కాసేపు సిలిండర్ వైపు తిప్పితే సరిపోతుందని మావాళ్ళు అంటున్నారు. (చిన్న కాంట్రాక్టర్)

జవాబు: ఆ పని ఎట్టి పరిస్థితిలోనూ చేయకండి. సిలిండర్‌లో ద్రవంగా ఉన్న ప్రొపేన్ ఆవిరిగా మారేటప్పుడు తనలోని వేడినే వాడుకుంటుంది, అందుకే సిలిండర్ చల్లబడి, పీడనం పడిపోయి, మంట నీరసిస్తుంది. అది లోపం కాదు. ఆ సిలిండర్ ఇవ్వగలిగిన దానికంటే ఎక్కువ గ్యాస్‌ను మీ హీటర్ అడుగుతోందని అర్థం. దీనికి మందు పెద్ద సిలిండర్ వాడడం, లేదా తగిన అమరికతో రెండు మూడు సిలిండర్లను కలపడం, లేదా చిన్న హీటర్ పెట్టడం. ద్రవం వేడికి వ్యాకోచిస్తుంది కాబట్టే సిలిండర్‌ను సుమారు 80 శాతానికి మించి నింపరు. బయటి నుంచి నేరుగా వేడి తగిలిస్తే పీడనం పెరిగి రక్షక వాల్వు తెరుచుకుంటుంది, వెలువడిన గ్యాస్ ఎదురుగా ఉన్న మంటకే అంటుకుంటుంది.

అమెరికా నిబంధనలో హీటర్‌కూ సిలిండర్‌కూ మధ్య కనీసం 6 అడుగులు ఉండాలని, ఆ సిలిండర్ 20 అడుగుల లోపు ఉంటే బ్లోయర్ గాలి దాని వైపు తిరిగి ఉండకూడదని ఉంది. సిలిండర్‌కే బిగించేలా తయారైన హీటర్లకు మాత్రం ఆ 6 అడుగుల నియమం వర్తించదు. సిలిండర్ ఎప్పుడూ నిటారుగా, పడిపోకుండా కట్టి ఉండాలి. పడుకోబెడితే ఆవిరికి బదులు ద్రవమే గొట్టంలోకి వస్తుంది, ద్రవం ఆవిరైతే దాదాపు 270 రెట్లు విస్తరిస్తుంది.

ప్రశ్న: సిలిండర్లను రాత్రిపూట సెల్లార్‌లో పెడితే దొంగల భయం ఉండదు. పెట్టవచ్చా? (స్టోర్ కీపర్)

జవాబు: పెట్టకూడదు. ప్రొపేన్ ఆవిరి గాలి కంటే ఒకటిన్నర రెట్లు బరువైనది. లీకైతే సెల్లార్‌లో, లిఫ్టు గుంతలో, కాలువల్లో చేరి నిలిచిపోతుంది. నిలబడి ఉన్న మనిషి ముక్కుకు వాసన ఆలస్యంగా అందవచ్చు. గాలిలో సుమారు 2 శాతం చేరితే చాలు, ఒక స్విచ్ నిప్పురవ్వకు అంటుకుంటుంది. ఆరుబయట, నేల మీద, తాళం వేసిన జాలీ గదిలో ఉంచండి. ఖాళీ సిలిండర్లకూ ఇదే వర్తిస్తుంది, ఎందుకంటే వాటిలో కొంత గ్యాస్ మిగిలే ఉంటుంది.

ప్రశ్న: కొత్తగా వేసిన కాంక్రీటు నేలలోని నీరు చలికి మంచుగా మారకుండా రాత్రంతా హీటర్లు పెట్టాం. తరువాత నేల పైపొర సుద్దపొడిలా రాలుతోంది. సిమెంటు నాసిరకమా? (సైట్ ఇంజనీరు)

జవాబు: సిమెంటును నిందించే ముందు హీటర్‌ను చూడండి. మంట నుంచి వచ్చిన కార్బన్ డయాక్సైడ్ తాజా కాంక్రీటులోని కాల్షియం హైడ్రాక్సైడ్‌తో కలిసి పైన కాల్షియం కార్బనేట్ పొరను ఏర్పరుస్తుంది. అది బలహీనంగా, పొడిపొడిగా ఉంటుంది. తొలి 24 గంటల్లో ఈ ముప్పు ఎక్కువ. మూసిన ఆవరణలో తాజా నేల ఉన్నప్పుడు పొగ లోపలికి వదలని పరోక్ష హీటరే వాడాలి, లేదా ఉష్ణనిరోధక దుప్పట్లు కప్పాలి.

ప్రశ్న: గాలికి మంట ఆరిపోయినప్పుడల్లా హీటర్ ఆగుతోందని ఒకరు దాని బటన్‌ను తీగతో నొక్కిపెట్టి కట్టారు. పని బాగానే జరుగుతోంది. ఇందులో ప్రమాదం ఉందా? (ప్లంబర్)

జవాబు: ఉంది, ఆ తీగను ఈరోజే తీసేయించండి. మంట ఆరితే గ్యాస్‌ను దానంతటదే ఆపడానికి ఉన్న ఏర్పాటును, బటన్‌ను అలా నొక్కిపెట్టడం పనిచేయనివ్వదు. తీగ కట్టిన హీటర్ మంట ఆరినా గ్యాస్ వదులుతూనే ఉంటుంది, ఎవరో వచ్చి మళ్ళీ వెలిగించేదాకా. గాలి నేరుగా తగలని చోటికి హీటర్‌ను మార్చండి. మంట ఆరితే వెంటనే వెలిగించక, వాల్వు మూసి, కనీసం 5 నిమిషాలు ఆగి, వాసన లేదని చూసుకున్నాకే వెలిగించాలి.

గాలి మాట వచ్చింది కాబట్టి: పట్టాలకు హీటర్‌కు మధ్య కనీసం 10 అడుగులు ఉండాలి, పట్టాలు ఎగిరి హీటర్ మీద పడకుండా గట్టిగా కట్టాలి. చెక్క నేల మీద అయితే కింద ఉష్ణనిరోధక పలక వేయాలి. సిలిండర్ మార్చిన ప్రతిసారీ కలిపిన చోట్ల సబ్బు నీళ్ళు పూసి బుడగలు వస్తున్నాయేమో చూడాలి. అగ్గిపుల్లతో చూసే అలవాటు ఇంకా కొన్ని సైట్లలో ఉంది, దాన్ని మానిపించండి. ఆపేటప్పుడు ముందు సిలిండర్ వాల్వు మూసి, గొట్టంలోని గ్యాస్ కాలిపోయాక హీటర్ వాల్వు మూయాలి.

ప్రశ్న: రాత్రి కాపలా ఉండే మనిషి హీటర్ వెలిగించుకుని షెడ్డులో పడుకోవచ్చా? (ఒక వాచ్‌మన్ భార్య)

జవాబు: వద్దమ్మా. నిద్రలో తలనొప్పి, తల తిరగడం వంటి సూచనలు తెలియవు. సైట్ యజమానిని అడిగి, కరెంటు హీటర్, మందపు దుప్పట్లు ఏర్పాటు చేయించండి. ప్రొపేన్ హీటర్‌ను మనుషులు మేలుకొని, దాన్ని చూస్తూ ఉన్నప్పుడే వాడాలి.