ఆ హుషారు చూసి మురిసిపోకండి

ప్రశ్న: మా తమ్ముడికి 27 ఏళ్లు. రెండేళ్ల క్రితం వారం రోజులు నిద్ర లేకుండా తిరిగి, అప్పులు చేసి, ఇంటిల్లిపాదితో గొడవపడితే ఆస్పత్రిలో చేర్పించాం. బైపోలార్ (మూడ్ ఒకసారి మితిమీరిన హుషారుకూ, ఒకసారి డిప్రెషన్‌కూ ఊగే జబ్బు) అన్నారు. మూడ్‌ను నిలకడగా ఉంచే లిథియం మాత్ర రోజుకు 900 ఎంజీ రాశారు. బాగానే ఉన్నానని సంక్రాంతికి తనే మానేశాడు. నెల క్రితం బాగా డల్ అయిపోతే, ఇదివరకు మా అమ్మకు రాసిన డిప్రెషన్ మాత్ర ఎస్సిటాలోప్రామ్ 10 ఎంజీ మెడికల్ షాపులో తెచ్చి మూడు వారాలుగా వేస్తున్నాం. దేవుడి దయవల్ల ఐదు రోజుల నుంచి హుషారుగా ఉన్నాడు. తెల్లవారుజామున మూడింటికే లేచి ఇల్లంతా సర్దుతున్నాడు, టిఫిన్ సెంటర్ పెడతానంటున్నాడు. నడుం నొప్పికి అప్పుడప్పుడు డైక్లోఫెనాక్ వేసుకుంటాడు. సంబంధాలు వస్తున్నాయి. అవతలివాళ్లకు చెప్పాలా? (ఒక అక్క, కొత్తగూడెం)

జవాబు: సంబంధాల సంగతి తర్వాత చూద్దాం. ఐదు రోజుల హుషారు అన్నారే, నాకు భయం అక్కడే. మనిషిని చూడకుండా ఇది ఫలానా అని తేల్చలేను. కానీ లిథియం లేకుండా డిప్రెషన్ మాత్ర ఒక్కటే పడుతున్న బైపోలార్ మనిషి, మూడింటికి లేచి కొత్త వ్యాపారం మాట్లాడుతున్నాడంటే, మళ్లీ మేనియా, అంటే హుషారు హద్దు దాటే దశ, మొదలవుతోందేమోనని ముందు అనుమానించాలి.

ఒకటి గమనించండి. నిద్ర పట్టనివాడు మర్నాడు నీరసంగా ఉంటాడు. మేనియాలో మూడు గంటలే పడుకున్నా అలసట ఉండదు. మాట వేగం పెరిగిందా, ఒక విషయం పూర్తికాకుండానే ఇంకోదానికి వెళ్తున్నాడా, ఫోన్‌లో డబ్బు ఎటు పోతోంది, ఇవీ చూడండి. పుస్తకాల్లో హైపోమేనియాకు (అంత తీవ్రం కాని మేనియాకు) నాలుగు రోజులు, మేనియాకు వారం అని ఉంటుంది. అది జబ్బుకు పేరు పెట్టడానికి పెట్టుకున్న లెక్క. మీరు వారం నిండేదాకా కూర్చోకండి.

మీ అమ్మగారి మాత్ర మీ తమ్ముడికి ఎలా వేశారమ్మా? బైపోలార్‌లో వచ్చే డిప్రెషన్ పైకి మామూలు డిప్రెషన్‌లాగే కనిపిస్తుంది, మందులు మాత్రం వేరు. మూడ్‌ను నిలకడగా ఉంచే మందు తోడు లేకుండా ఎస్సిటాలోప్రామ్ లాంటివి ఇస్తే కొందరిలో మూడ్ ఆ చివరి నుంచి ఈ చివరికి దూకేస్తుంది. చీటీ లేకుండా ఇచ్చిన షాపువాళ్లదీ తప్పే. రేపటి మాత్ర వేసేలోపే అతన్ని చూసిన సైకియాట్రిస్టుకు ఫోన్ చేసి ఈ ఐదు రోజుల సంగతి చెప్పండి, ఆపాలో వద్దో వాళ్లే చెబుతారు. దొరక్కపోతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కు చేయండి, తెలుగులోనే మాట్లాడతారు.

ఇది చదివి బీరువాలో మిగిలిన లిథియం స్ట్రిప్పు తీసి 900తో మళ్లీ మొదలుపెట్టకండి. ముందు రక్తంలో క్రియాటినిన్ (కిడ్నీ పరీక్ష), టీఎస్‌హెచ్ (థైరాయిడ్ పరీక్ష), కాల్షియం చూడాలి. మొదలుపెట్టిన వారానికి రక్తంలో లిథియం ఎంతుందో చూడాలి, అదీ చివరి మోతాదు వేసిన 12 గంటలకు తీసిన రక్తంలో. పొద్దున మాత్ర వేసుకుని ల్యాబ్‌కు వెళ్తే లెక్క తప్పుగా ఎక్కువ చూపిస్తుంది. మామూలుగా లీటరుకు 0.6 నుంచి 0.8 మిల్లీమోల్ (mmol/L) మధ్య ఉంచుతాం, 1.5 దాటితే విషమే. మందుకూ విషానికీ మధ్య ఇంత సన్నని గీత ఉన్న మాత్రలు తక్కువ.

ఆ గీతను డైక్లోఫెనాక్, ఇబుప్రొఫెన్ సులువుగా దాటిస్తాయి. వాటివల్ల కిడ్నీ లిథియాన్ని బయటికి పంపకుండా పట్టి ఉంచుతుంది. బీపీకి వాడే టెల్మిసార్టాన్ లాంటివీ, ఒంట్లో నీరు తీసే మాత్రలూ అంతే. మళ్లీ లిథియం రాస్తే నడుం నొప్పికి ఏం వేసుకోవాలో కూడా అప్పుడే అడగండి, సాధారణంగా పారాసిటమాల్ చెబుతాం. మీ ఊరి ఎండలు వేరే చెప్పాలా? చెమట, విరేచనాలు, ఉపవాసం, ఉన్నట్టుండి ఉప్పు మానేయడం, అన్నిటివల్లా లెవెల్ పెరుగుతుంది. వాంతులు, విరేచనాలు, చేతులు బాగా వణకడం, మాట ముద్దగా రావడం, తూలడం కనిపిస్తే తర్వాతి మాత్ర ఆపి నేరుగా ఆస్పత్రికి తీసుకెళ్లండి.

ఎప్పటికైనా లిథియం మానాల్సి వస్తే కనీసం నాలుగు వారాలు, కుదిరితే మూడు నెలలు పట్టేలా తగ్గించుకుంటూ రావాలి. ఒక్కసారిగా మానేస్తే మేనియా తిరగబెట్టడం మాకు కొత్త కాదు, ఆత్మహత్య ముప్పూ పెరుగుతుంది. చావు మాటలు వచ్చినా, ఎవరికీ లొంగకుండా ఉన్నా 108కి చేయండి. మాత్రలన్నీ మీ దగ్గరే తాళం వేసి ఉంచండి.

డాక్టర్ దగ్గరికి పాత డిశ్చార్జ్ కాగితం, వేసుకుంటున్న ప్రతి స్ట్రిప్పూ, ఈ పది రోజులు ఎన్నింటికి పడుకుని ఎన్నింటికి లేచాడో రాసిన చీటీ పట్టుకెళ్లండి. ఇంట్లో పెద్దమనుషులను కూర్చోబెట్టి క్లాసు పీకించకండి, మంట పెరుగుతుంది. ‘నిద్ర తగ్గింది, ఒకసారి చూపిద్దాం’ అంటే చాలు. సాయంత్రం తర్వాత టీ, కాఫీ వద్దు. తను ఒప్పుకుంటే కార్డు, బండి తాళాలు కొన్నాళ్లు మీ దగ్గర పెట్టుకోండి. టిఫిన్ సెంటర్‌కు అడ్వాన్స్ మాత్రం ఇవ్వనివ్వకండి.

ఇక సంబంధాలు. చెప్పాలి, దాచకూడదు. పెళ్లయ్యాక మాత్రలు దాచుకుని మింగేవాడు ముందు మానేసేది ఆ మాత్రలనే. అయితే చెప్పాల్సింది అతను, మూడ్ నిలకడగా కొన్ని నెలలు గడిచాక. సంబంధం కుదిరినప్పుడు రాత్రి రెండింటి ముహూర్తానికి ఒప్పుకోకండి, వరుసగా రెండు రాత్రుల జాగారం చాలు తిరగబెట్టడానికి. పగటి ముహూర్తం అడగండి.