కిక్‌లో దెబ్బ రావాలంటే, హై-హ్యాట్ మోత ఆగాలంటే

ఎలక్ట్రానిక్ డ్రమ్ మాడ్యూల్‌లో సైన్ వేవ్‌తో (ఒకే స్వరంగా నునుపుగా మోగే తరంగం) చేసిన కిక్ (బాస్ డ్రమ్ శబ్దం) 'బూ' అని మోగుతోందే తప్ప దెబ్బ వినపడట్లేదు, క్లోజ్డ్ హై-హ్యాట్ (మూసి వాయించే జంట సింబల్స్) వాయించినా ఓపెన్ హై-హ్యాట్ మోత ఆగట్లేదు అన్నారు కదా. రెండూ మాడ్యూల్‌లోనే సరిచేయొచ్చు, టెన్షన్ పడకండి.

కిక్‌లో ఆ దెబ్బ పిచ్ వేగంగా కిందికి జారడం వల్ల వస్తుంది. పిచ్ ఎన్వలప్ (సమయంతో పాటు పిచ్ ఎలా మారాలో చెప్పే సెట్టింగ్) తెరిచి, రెండు ఆక్టేవుల పైన, అంటే 200 హెర్ట్జ్ దగ్గర మొదలై, 40 మిల్లీసెకన్లలో 50 హెర్ట్జ్‌కి దిగేలా పెట్టండి. యాంప్ ఎన్వలప్‌లో, అంటే శబ్దం స్థాయిని నడిపే సెట్టింగ్‌లో, అటాక్ (శబ్దం పైకి లేచే సమయం), సస్టెయిన్ (నిలిచి ఉండే స్థాయి) రెండూ సున్నా. శబ్దం పొడవంతా డికేతోనే, అంటే శబ్దం తగ్గిపోయే సమయంతోనే తేల్చాలి. 300 మిల్లీసెకన్లతో మొదలుపెట్టి చెవితో సరిచూసుకోండి. చాలామంది ఇక్కడ ఈక్యూ (బాస్, ట్రెబుల్ సర్దే కంట్రోల్) పెంచుతారు. నాకది అస్సలు నచ్చదు, ఎన్వలప్ కుదరకపోతే ఈక్యూ ఎంత తిప్పినా ఆ దెబ్బ రాదు. ఇంకా పదును కావాలంటే రెండో లేయర్‌గా అతి పొట్టి నాయిస్ కలపండి. వెలాసిటీని (ఎంత గట్టిగా కొట్టామన్న కొలత) పిచ్ ఎన్వలప్ డెప్త్‌కి కలిపి చూడండి, గట్టిగా కొట్టినప్పుడు కిక్‌కి ప్రాణం వస్తుంది!

హై-హ్యాట్‌కి జనరల్ మిడి (ఏ నోట్ నంబర్‌కి ఏ వాద్యమో చెప్పే ప్రమాణం) నోట్లు 42 (క్లోజ్డ్), 44 (పెడల్), 46 (ఓపెన్). మూడింటినీ ఒకే మ్యూట్ గ్రూప్‌లో పెట్టండి, అప్పుడు ఒకటి వాయిస్తే ముందుది ఆగిపోతుంది; కొన్ని మాడ్యూళ్లలో దీన్నే ఎక్స్‌క్లూజివ్ గ్రూప్ అంటారు.

వేరే కిట్‌కి మారకముందే యూజర్ కిట్‌గా రైట్ (సేవ్) చేయండి. లేదంటే కొన్ని మాడ్యూళ్లలో చేసిన మార్పులన్నీ పోతాయి.