‘నన్ను చెప్పలేదు’ ఎందుకు తప్పు?

మీ అమ్మాయి ‘టీచర్ నన్ను ఏమీ చెప్పలేదు’ అని రాసిందనీ, తప్పేమిటో వివరించలేకపోయాననీ అన్నారు. ఆమె ‘చెప్పు’, ‘అను’ అనే రెండు క్రియలను కలిపేసింది.

చెప్పడం ఎప్పుడూ ఒకరికి, లేదా ఒకరితో. ‘నాకు ఏమీ చెప్పలేదు’ అంటే సంగతి తెలియజేయలేదని. ‘నన్ను’ వాడాలంటే ‘అను’ కావాలి. ‘నన్ను ఏమీ అనలేదు’ అంటే మందలించలేదని. ‘నన్ను అంత మాట అన్నాడు’ అనే వాక్యంలో బాధ అంతా ఆ ‘నన్ను’లోనే ఉంది. ‘నాతో అన్నాడు’ అంటే ఆ నింద పోయి, మామూలు మాటే మిగులుతుంది. ‘నాకు చెప్పాడు’, ‘నన్ను అన్నాడు’, ‘నాతో అన్నాడు’: ఈ మూడింటినీ పక్కపక్కన రాయించండి, పిల్లలు వెంటనే పట్టుకుంటారు.

కథ, పాఠం, అబద్ధం, జోస్యం, కృతజ్ఞతలు: ఇవన్నీ చెప్పేవే, అనేవి కావు. ‘అను’ మాత్రం భాషంతా పరుచుకుంది. ‘వస్తానని చెప్పాడు’లోని ‘అని’ దాని రూపమే. ‘సీత అనే అమ్మాయి’, ‘స్నేహం అంటే ఏమిటి’ కూడా అంతే. నాకు అన్నిటికన్నా ఇష్టమైనది ‘అనుకోవడం’. తనలో తాను అనుకుంటే అది ఆలోచన! మీ అమ్మాయికి ఇది తప్పక చూపించండి. ‘అనిపించింది’ని మాత్రం తర్వాతి పాఠానికి ఉంచండి.