మూడు కిలోల బిడ్డకు ఏ క్యారియర్?

ప్రశ్న: మా బాబుకి 22 రోజులు. పుట్టినప్పుడు 2.7 కిలోలు, మొన్న తూస్తే మూడు. నాకు సిజేరియన్ అయింది. కూకట్‌పల్లిలో లిఫ్టు లేని రెండో అంతస్తులో ఉంటున్నాం. మావారు ఆన్‌లైన్‌లో ఒక బేబీ క్యారియర్ (బిడ్డను ఛాతీకి కట్టుకుని మోసే పట్టీల గుడ్డ) చూశారు. నాలుగు రకాలుగా కట్టుకోవచ్చట, బాబు ముఖం బయటికి ఉండేలా కూడా పెట్టొచ్చట. అత్తయ్య మాత్రం మెడ నిలిచేదాకా వద్దంటున్నారు. ఏం చేయమంటారు?

జవాబు: మీ అత్తగారి భయం ఉత్తిదేం కాదు. అయితే మెడకు ఆసరా ఇచ్చే క్యారియర్లు ఉన్నాయి, వాటిని ఇప్పుడే వాడొచ్చా అన్నది బాబు బరువును బట్టి ఉంటుంది. పెట్టె మీద ‘పుట్టిన రోజు నుంచే’ అని ఎంత పెద్దక్షరాలతో వేసినా, దాని పక్కనే చిన్నగా వేసిన కనీస బరువు చూడండి. క్లిప్పులతో బిగించే చాలా బకిల్ క్యారియర్లకు అది 3.2 కిలోలో, 3.5 కిలోలో ఉంటుంది. మన దగ్గర మూడు కిలోల లోపు పుట్టే పిల్లలే ఎక్కువ కాబట్టి ఈ అంకె మనకు మరీ ముఖ్యం. ఈ వయసులో పిల్లలు రోజుకు 25–30 గ్రాములు పెరుగుతారు. ఆ లెక్కన మీ బాబు 3.2కి వారంలో, 3.5కి రెండున్నర వారాల్లో చేరుకోవాలి. అందాజుగా కాదు, తూయించాకే మొదలుపెట్టండి. నెలలు నిండకుండా పుట్టినా, 2.5 కిలోల లోపు పుట్టినా, ఊపిరి ఇబ్బంది ఉన్నా పిల్లల డాక్టరును అడగనిదే కొనొద్దు.

అసలు ప్రమాదం గడ్డం దగ్గర ఉంది. పసిబిడ్డకు తల బరువు, మెడ కండరాల్లో బలముండదు. గడ్డం ఛాతీకి ఆనుకుంటే మెత్తటి శ్వాసనాళం మడత పడుతుంది. ఊపిరాడని బిడ్డ ఏడవను కూడా ఏడవలేదు, నిద్రపోతున్నట్టే కనిపిస్తుంది. అందుకే బిడ్డను అడ్డంగా పడుకోబెట్టే సంచీలాంటి స్లింగ్ వద్దే వద్దు. నాలుగు నెలల లోపు పిల్లల విషయంలో స్లింగ్‌లతో జాగ్రత్త అని అమెరికా వినియోగదారుల భద్రతా సంస్థ 2010లోనే హెచ్చరించింది. ముఖం బయటికి పెట్టడం మెడ పూర్తిగా నిలిచాకే, అంటే ఐదారు నెలలకు. అప్పుడైనా కాసేపే. ఆ ‘నాలుగు రకాల’ కోసం ఎక్కువ డబ్బు పెట్టకండి, మీకు కావలసింది ఒక్కటే: బిడ్డ ముఖం మీ వైపు, నిలువుగా.

రెండోది తుంటి. కూర్చునే భాగం సన్నగా ఉంటే కాళ్లు తిన్నగా వేలాడి, తుంటి కీలు మీద ఒత్తిడి పడుతుంది. గుడ్డ ఒక మోకాలి వెనక నుంచి రెండో మోకాలి వెనక దాకా రావాలి. పిరుదుల కన్నా మోకాళ్లు కాస్త పైకి, కప్ప కాళ్లలా ఉండాలి. ఈ వెడల్పును బిడ్డతోపాటు పెంచుకునే వీలున్న రకం ఏడాది పైనే పనికొస్తుంది.

కట్టుకోవడం మంచం మీద కూర్చుని నేర్చుకోండి, మొదట్లో పక్కన ఒకరుండాలి. ముందు నడుం పట్టీ. మీ కుట్లు ఇంకా పచ్చివే కాబట్టి అది వాటికి పైన, బొడ్డు కన్నా ఎత్తులో రావాలి. అక్కడా నొప్పి పెడితే కుట్లు మానేదాకా మీవారినే ఎత్తుకోమనండి. తర్వాత బాబును ఛాతీకి ఆనించి, కాళ్లు విడదీసి, గుడ్డను మెడ దాకా లాగి, భుజాల పట్టీలు వేసి, వీపు మీది క్లిప్ పెట్టించుకుని బిగించాలి. ఒక చెయ్యి బాబు వీపు మీద ఉంచి కొంచెం ముందుకు వంగండి. బాబు మీ ఒంటి నుంచి ఎడంగా వస్తే ఇంకా బిగించాలన్నమాట. గడ్డం కింద రెండు వేళ్లు పట్టాలి. తల వంచితే నుదుటికి ముద్దు అందాలి. ముక్కు ఎప్పుడూ కనబడుతుండాలి, ఎండ తగలకుండా అని చున్నీ కప్పడం కుదరదు.

మెట్ల దగ్గర ఒక చిక్కుంది: బిడ్డ అడ్డంగా ఉండి మీ పాదాలు మీకు కనబడవు. రెయిలింగ్ పట్టుకునే దిగండి. పొయ్యి దగ్గరికి, వేడి టీ తాగడానికి క్యారియర్‌తో వెళ్లొద్దు.

ప్రశ్న: ఆరు వారాల టీకాకి పాపను క్యారియర్‌లో కట్టుకుని బండి వెనక కూర్చోవచ్చా?

జవాబు: వద్దు. క్యారియర్ నడిచేవాళ్ల కోసం చేసినది, పడితే కాపాడదు. బండి మీద తొమ్మిది నెలల నుంచి నాలుగేళ్ల పిల్లలకు సేఫ్టీ బెల్టు, హెల్మెట్ ఉండాలని, వేగం గంటకు 40 కిలోమీటర్లు దాటకూడదని కేంద్రం నిబంధన పెట్టింది. ఆరు వారాల పాపకు హెల్మెటే పెట్టలేం. ఆటోనో క్యాబో మాట్లాడుకోండి. కారులోనూ క్యారియర్ సీటు బెల్టుకు బదులు కాదు, అక్కడ వెనక్కి తిరిగి ఉండే పసిపిల్లల కారు సీటు కావాలి.

ప్రశ్న: మా అక్క వాడిన క్యారియర్ ఇస్తానంటోంది. ఏప్రిల్, మే ఎండల్లో పనికొస్తుందా?

జవాబు: ముందు వెలుతురులో కుట్లు చూడండి, ముఖ్యంగా పట్టీలు గుడ్డతో కలిసే చోట. దారం ఊడినా, బకిల్ టక్కుమని పడకపోయినా, బిగించిన పట్టీ గుంజితే జారుతున్నా తీసుకోవద్దు. మీరు కుట్టించి సరిచేయడమూ మంచిది కాదు. వాడే విధానం కాగితం పోయి ఉంటే కంపెనీ సైటులో అదే మోడల్‌కు కనీస బరువు వెతకండి. మెత్త దట్టంగా ఉన్న పాలిస్టర్ రకమైతే మే నెలకు వదిలేయండి. పల్చటి నూలుదో, జాలీ గుడ్డదో అయితే పరవాలేదు. క్యారియరే ఒక పొర బట్ట లెక్క, పాపకు లోపల నూలు చొక్కా చాలు. పగలు పదకొండు నుంచి నాలుగు దాకా పాపను బయటికి తీసుకెళ్లకండి. మధ్యమధ్య మెడ వెనక తడిమి చూడండి. వేడిగా, చెమటగా తగిలితే వెంటనే విప్పి, నీడలో పడుకోబెట్టి, పాలు పట్టండి.